ముఖ్యం కాదని చెప్పాను

ఆపరేషన్‌కు ముందు రాత్రి సర్జన్ నా మంచం దగ్గరికి వచ్చారు. "బొడ్డు మీద చర్మం బాగా పలచబడిందమ్మా. నిలపడానికే చూస్తాను. కుదరకపోతే హెర్నియాతో పాటు తీసేయాల్సి వస్తుంది. మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగారు. మంచానికి అటువైపు మా ఆయన ఉన్నారు, కాళ్ళ దగ్గర మా బావగారు నిలబడ్డారు. నేను ఆలోచించడానికి క్షణం కూడా తీసుకోలేదు. "ఈ వయసులో బొడ్డుతో పనేముంది సార్, తీసేయండి. అదేం ముఖ్యం కాదు" అన్నాను. బావగారు మెచ్చుకోలుగా తలూపారు. నేను సంతకం పెట్టాను, సర్జన్ వెళ్ళిపోయారు.

నేను చెప్పింది అబద్ధం. చెప్తున్నప్పుడే నాకు తెలుసు. ఆ మాట ఎందుకన్నానో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తెలిసిందంతా చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు 45 ఏళ్ళు. నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు ప్రతి ఏడూ బోర్డు మీద బొడ్డుతాడు బొమ్మ గీస్తాను. అందులో రెండు ధమనులు, ఒక సిర. పుట్టాక మన ఒంట్లో చాలా ధమనుల్లో ఆక్సిజన్ ఉన్న రక్తం పారుతుంది. బొడ్డుతాడులో మాత్రం లెక్క తిరగబడుతుంది, తల్లి నుంచి ప్రాణవాయువును మోసుకొచ్చేది సిర. ఇది చెప్పగానే పిల్లలు తలలెత్తి చూస్తారు. పుట్టాక తాడు కోస్తారు, రెండు మూడు వారాల్లో మిగిలిన ముక్క ఎండి ఊడిపోతుంది. లోపలి సిర మూసుకుపోయి, బొడ్డు నుంచి కాలేయం దాకా ఒక నారలాగా జీవితాంతం మిగిలిపోతుంది. మనిషి ఒంటి మీద మొదటి మచ్చ బొడ్డే అని కూడా చెప్తాను. తాడు వచ్చిన ఆ కన్నం చుట్టూ కండరాల పొర బిగుసుకుంటుంది కానీ, ఆ చోటు ఎప్పటికీ కాస్త బలహీనమే. పసిపిల్లల్లో బొడ్డు ఉబ్బితే చాలావరకు నాలుగైదేళ్ళలో దానంతట అదే సర్దుకుంటుంది. పెద్దవాళ్ళలో సర్దుకోదు, పోవాలంటే ఆపరేషన్ చేయాల్సిందే.

ఇన్ని చెప్పే నేను, రెండో కాన్పు తర్వాత నాకు వచ్చిన ఉబ్బును 18 ఏళ్ళు చీర కింద దాచుకుని తిరిగాను. మొదట్లో రేగుపండంత ఉండేది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది. తర్వాత నిమ్మకాయంత అయింది. లంగా బొందు దాని కిందికి కట్టుకునేదాన్ని, కుచ్చిళ్ళు దాని మీదికి వచ్చేలా దోపుకునేదాన్ని, కొంగు నిండుగా కప్పుకునేదాన్ని. స్టాఫ్ రూములో నా చీరకట్టు పద్ధతిగా ఉంటుందని అందరూ అనేవారు. ఆ పద్ధతి వెనక ఉన్నది ఇది.

మా అమ్మకూ ఉండేది. నా చిన్నప్పుడు మధ్యాహ్నం వేళ అమ్మ అరుగు మీద వెల్లకిలా పడుకుంటే, పక్కన కూర్చుని ఆ ఉబ్బును వేలితో మెల్లగా నొక్కేదాన్ని. గుళగుళమని చప్పుడు చేసుకుంటూ లోపలికి జారేది. వేలు తీస్తే మళ్ళీ లేచేది. నాకది ఆట. అది పేగు అనీ, ఆ చప్పుడు పేగులోని గాలిదనీ ఎన్నో ఏళ్ళ తర్వాత పుస్తకంలో చదివాను. "నొప్పి పెడతదా అమ్మా?" అంటే "ఏం గాదు బిడ్డా, అది ముఖ్యమైన రోగమా ఏంది" అనేది. నడుముకు ఎప్పుడూ ఒక పాత చీర ముక్క చుట్టుకుని ఉండేది. బొడ్లె సంచి మాత్రం ఎడమ పక్కకు దోపుకునేది. అందరు ఆడవాళ్ళలా మధ్యలో ఎందుకు పెట్టుకోదో నేనెప్పుడూ అడగలేదు. ఆ ఉబ్బుతోనే 71 ఏళ్ళు బతికి, గుండెజబ్బుతో పోయింది. ఒక్క డాక్టరుకు కూడా చూపించలేదు. నేను బయాలజీ టీచర్ని అయ్యాక కూడా తీసుకెళ్ళలేదు. ఏం గాదన్న ఆమె మాట నాకూ సులువుగా ఉండింది.

మా అబ్బాయి పుట్టినప్పుడు వాడి బొడ్డు కాస్త ఎత్తుగా కనిపిస్తే అమ్మ రాగి బిళ్ళ పెట్టి గుడ్డతో కట్టింది. అలా కట్టినందువల్ల మూసుకోదనీ, కింద చెమ్మ చేరి చర్మం పుండు పడుతుందనీ చెప్పి విప్పించాను. అమ్మ నొచ్చుకుంది. మనవడి బొడ్డు కోసం అంత ఆరాటపడిన మనిషి, తన ఒంటి మీద ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ తేడానే నన్ను తొలుస్తోంది.

ఒక ఆదివారం దుప్పట్లు పిండుతుంటే బొడ్డు దగ్గర కలుక్కుమంది. ఎప్పుడూ వేలితో నొక్కితే లోపలికి పోయేది ఆ రోజు కదల్లేదు. గట్టిపడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో మత్తు సూది ఇచ్చి, చాలాసేపు ఓపికగా ఒత్తి లోపలికి పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇరుక్కున్న పేగుకు రక్తం అందక కుళ్ళిపోయేదని చెప్పారు. మళ్ళీ ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి మర్నాడే ఆపరేషన్ అన్నారు. ఆ రాత్రే సర్జన్ నన్ను ఆ ప్రశ్న అడిగింది.

ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన అడిగారు. చాలామంది అడగరట. అడిగినప్పుడు జవాబు సరిగ్గా చెప్పనిది నేను.

పట్టీ విప్పిన రోజు గురించి రాయాలి. నర్సమ్మ దూది తీసి, మందు రాసి, "మంచిగ మానింది టీచర్" అని నవ్వింది. నేను తలెత్తి చూసుకున్నాను. పొట్ట మధ్యలో అడ్డంగా ఒక గీత. దాని పైనా కిందా సమంగా చర్మం. అంతే. ఉబ్బూ లేదు, గుంటా లేదు. పాత ఇంట్లో ఒక గుమ్మాన్ని ఇటుకలు పేర్చి మూసేసి, పైన సున్నం కొడితే, అక్కడొకప్పుడు దారి ఉండేదని తెలిసినవాళ్ళకు ఆ గోడ ఎలా కనిపిస్తుందో నా పొట్ట నాకలా కనిపించింది. "నా బొడ్డు ఏదీ?" అని అడగబోయి ఆగిపోయాను. ముఖ్యం కాదన్నది నేనే కదా. డిశ్చార్జి కాగితంలో "అంబిలికస్ ఎక్సైజ్డ్" అని రెండు మాటలు ఉన్నాయి. ఆ కాగితాన్ని ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టాను.

ఒంట్లోంచి తీసిన భాగాలను ఆసుపత్రుల్లో పసుపుపచ్చ సంచిలో వేసి కాల్చడానికి పంపుతారు. జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ గురించి 2016లో వచ్చిన నిబంధనలు పిల్లలకు ప్రాజెక్టు పనిగా నేనే చేయించాను. అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో ఒక చిన్న వెండి తాయెత్తు దొరికింది. నేను పుట్టినప్పుడు ఊడిన బొడ్డును ఎండబెట్టి అందులో పెట్టి నా మొలతాడుకు కట్టారట. మొలతాడు తీసేసిన తర్వాత అమ్మ దాన్ని నలభై ఏళ్ళు దాచింది. బొడ్డులో మొదట ఊడిన ముక్కను అమ్మ వెండిలో దాచింది, మిగిలినదాన్ని నేను పసుపుపచ్చ సంచిలోకి పంపాను. ఆపరేషన్ అయిన నెలకు ఒక రాత్రి ఈ రెండూ పక్కపక్కన తోచాయి, తెల్లారిందాకా నిద్ర పట్టలేదు.

చీర కట్టుకోవడం దగ్గర నా చేతికి దిక్కు తెలియలేదు. పదిహేనేళ్ళ వయసులో మొదటిసారి చీర కట్టుకున్నప్పటి నుంచీ కుచ్చిళ్ళు ఎక్కడ దోపాలో నా వేలికి తెలుసు. ఉబ్బు పెరిగిన ఏళ్ళలో కూడా బొడ్డును బట్టే కొలుచుకునేదాన్ని. ఇప్పుడు కుచ్చిళ్ళు పట్టుకున్న చేయి అక్కడికి వెళ్ళి వెతికేది. దొరకదు. కుచ్చిళ్ళు ఒకరోజు ఎడమకూ ఒకరోజు కుడికీ పోయేవి. బళ్ళో తోటి టీచరు "మేడమ్, కుచ్చిళ్ళు పక్కకు జరిగినయ్" అంటే బాత్రూములోకి వెళ్ళి సర్దుకుంటూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆమెకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

మా ఆయన మంచివాడు. "నువ్వు బతికి బయటపడ్డవ్, నాకది చాలు" అనేవాడు. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అది విన్న తర్వాత మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. ప్రాణం దక్కినదానికి సంతోషపడాల్సిన మనిషి ఇంత చర్మం కోసం కుమిలిపోతోందంటే ఏమనుకుంటాడు? గదిలో దీపం ఆర్పేసిన తర్వాతే బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాను. నాకే చూసుకోబుద్ధి కావట్లేదని ఆయనకు ఎలా చెప్పను?

ఊరుకోలేక చదవడం మొదలుపెట్టాను. అమెరికా సర్జన్ విలియం మేయో 1901లో ప్రచురించిన పద్ధతిలో, కోటు అంచు మీద అంచు వేసినట్టు కండర పొరలను ఒకదాని మీదికి ఒకటి తెచ్చి కుట్టేవారు, బొడ్డు చర్మాన్ని కూడా కోసి తీసేసేవారు. ఇప్పుడు వీలైనంత వరకు బొడ్డు కింద వంపుగా కోసి, బొడ్డు చర్మాన్ని హెర్నియా సంచి నుంచి జాగ్రత్తగా విడదీస్తారు. కన్నం మూశాక ఆ చర్మాన్ని లోపలి పొరకు ఒక కుట్టుతో కట్టేస్తారు. బొడ్డుకు గుంట ఇచ్చేది ఆ ఒక్క కుట్టే. అది తెగినా, కింద నీరు చేరి చర్మం పైకి తేలినా గుంట పోయి చదునవుతుంది. చర్మం మరీ పలచబడి నల్లబడితే నిలపడం కష్టం. నేను ఐదారేళ్ళ ముందు వెళ్ళి ఉంటే నాది నిలిచేదేమో. ఇది ఎవరి మీదా తోసేయలేను. అన్నేళ్ళు నేనే దాచుకున్నాను.

నాకు వేసింది మెష్, సన్నని వల. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 1 నుంచి 4 సెంటీమీటర్ల బొడ్డు హెర్నియా ఉన్న 300 మందిని తీసుకున్నారు. కుట్లు మాత్రమే వేసినవాళ్ళలో 12 శాతం మందికి తిరగబెడితే, మెష్ వేసినవాళ్ళలో 4 శాతానికే తిరగబెట్టింది. ఆ అంకె చూసి నా సర్జన్‌కు మనసులో దండం పెట్టుకున్నాను. నా పొట్ట గట్టిగా ఉంది. బిందె ఎత్తగలను, బస్సులో నిలబడి వెళ్ళగలను. ఇదంతా నిజం. కుచ్చిళ్ళ దగ్గర వెతుక్కునే చేయి కూడా నిజమే. చాలా నెలల పాటు నేను మొదటిదాన్ని రెండోదాని మీద మూతలా పెట్టి అదిమాను.

ఇది అందం మీద మోజేనా అని నన్ను నేను నిలదీసుకున్నాను. అవును, కొంత మోజే. సినిమా పాటల్లో నాయిక నడుము చుట్టూ కెమెరా తిరిగిన కాలంలో పెరిగినదాన్ని. ఆ పాటలు ఆడవాళ్ళను అవమానిస్తున్నాయని మహిళా దినోత్సవం నాడు మైకులో మాట్లాడినదాన్ని. ఆ నడుములను చూసి నా నడుమును పోల్చుకున్నదాన్ని కూడా నేనే. 2000లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్లు కొందరు ఆడవాళ్ళకు ఎలాంటి బొడ్డు అందమని పరిశీలించి, నిలువుగా చిన్నగా ఉండి పైన చర్మం చూరులా వంగితే బాగుంటుందని తేల్చారు. నాది అలాంటిది కాదు. అడ్డంగా, వెడల్పుగా ఉండేది. అయినా నాకు కావాలనిపించింది ఆ అడ్డంగా ఉన్నదే. అందమైనది ఇస్తామంటే ఆనందపడే స్థితిలో నేను లేను. అమ్మకూ నాకూ ఒకప్పుడు తాడు కట్టి ఉన్న చోటు నాకు కావాలి. అప్పుడు నాకు కాస్త ఊపిరాడింది. మోజు ఉందని ఒప్పుకున్నాక దాని కింద ఉన్న బెంగ కనిపించింది.

ఆపరేషన్ అయిన ఏడాదికి మా ఊళ్ళో బొడ్రాయి పండుగ వచ్చింది. సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసి వేసి, ఊరి నడుమ ఉన్న పాత రాయి నేలలో కూరుకుపోయింది. లారీలు దాని మీదుగానే పోయేవి. ఊరంతా చందాలు వేసుకుని కొత్త రాయిని ప్రతిష్ఠించాలనుకున్నారు. ఊరి ఆడబిడ్డలందరికీ పిలుపు వచ్చింది. నాభిశిల అని అయ్యవారు మైకులో అన్నప్పుడల్లా నా చేయి పొట్ట మీదికి పోయేది. గుంట తవ్వి, నవధాన్యాలు పోసి, రాయిని నిలబెట్టారు. ఊరు ఉందిగా, పొలాలున్నాయి, బడి ఉంది, ఈ రాయి లేకపోతే ఏమవుతుందని అక్కడ ఒక్కరు కూడా అనలేదు. ముంబై నుంచి, దుబాయ్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళున్నారు.

ఆ సాయంత్రం మా వదిన నాకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకచెక్కలు, ఖర్జూరాలు దోసిళ్ళతో కొంగులో పోస్తుంటే బరువంతా పొట్ట మీద, సరిగ్గా ఆ గీత మీద ఆనింది. కళ్ళు నిండాయి. అమ్మ యాదికొచ్చిందనుకుని వదిన "ఊకో వదినా" అని వీపు నిమిరింది. అమ్మ యాదికొచ్చిన మాట నిజమే. ఆ రాత్రి మా చిన్నమ్మ పక్కన పడుకుని మొదటిసారి బయటపెట్టాను. "చిన్నమ్మా, నాకు బొడ్డు లేదు. నాకు మళ్ళ గావాలె." ఆమెకు 68 ఏళ్ళు, చదువు లేదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీకట్లోనే "చేస్తరా డాక్టర్లు?" అంది. చేస్తారన్నాను. "మరెందుకు ఊకున్నవ్?" అంది. అదొక్కటే అడిగింది. వయసు గురించి, ఖర్చు గురించి, నలుగురు ఏమంటారన్నదాని గురించి ఆమె అడుగుతుందని నేను సిద్ధం చేసుకున్న జవాబులు అలాగే ఉండిపోయాయి.

అయినా ఇంటికొచ్చాక నేను నిజం చెప్పలేదు. కుట్ల దగ్గర గుంజుతోంది, హైదరాబాద్‌లో ఒకసారి చూపించుకుంటానని మా ఆయనతో అన్నాను. నొప్పికైతే సెలవు దొరుకుతుంది, డబ్బు దొరుకుతుంది, జాలి దొరుకుతుంది. బొడ్డు కావాలంటే ఇవేమీ దొరకవని నా భయం. ఆయన నాతో వచ్చాడు. ప్లాస్టిక్ సర్జన్ ఆడమనిషి, నా ఈడుదే. ఎక్కడ నొప్పి అని అడిగి, నొక్కి చూసి, "ఇక్కడ నొప్పేమీ ఉన్నట్టు లేదే" అంది. నేను మా ఆయన వైపు తిరిగాను. "నొప్పి లేదు. నేను అబద్ధం చెప్పిన. నాకు బొడ్డు గావాలె" అన్నాను. గొంతు వణికింది. ఆయన చాలాసేపు నన్నే చూసి, "ఏడాది నుంచి దీనికేనా?" అన్నాడు. తలూపాను. తర్వాత ఆయన డాక్టర్‌ను అడిగిన మొదటి ప్రశ్న, "మెష్‌కేమన్నా అయితదా మేడమ్?" అని.

అది సరైన ప్రశ్నేనట. కొత్త బొడ్డు చేయడానికి చుట్టుపక్కల చర్మంలోంచే చిన్న రెక్కల్లాంటి ముక్కలు లేపి, కింది కొవ్వును పలచన చేసి, ఆ రెక్కలను లోపలికి మడిచి కింది పొరకు కుడతారు. కింద మెష్ ఉన్నప్పుడు అక్కడ చీము పడితే మెష్‌కే ముప్పు, అందుకని చాలా జాగ్రత్త కావాలి. మచ్చ పూర్తిగా మెత్తబడే దాకా, ఆరు నెలల నుంచి ఏడాది, ఆగడం మంచిది. నాకు ఏడాది దాటింది. చేసిన గుంట కాలం గడిచేకొద్దీ కొంత పూడుకుంటుంది, పాతదిలా లోతుగా ఉండదు. ఇవన్నీ ఆమె దాచకుండా చెప్పింది. ఆ తర్వాత, "పాత ఫోటో ఏమైనా ఉందా, మీది ఎలా ఉండేదో చూద్దాం" అంది.

లేదు. ఇంత బతుకులో నా పొట్ట కనిపించే ఫోటో ఒక్కటి కూడా లేదు. చివరికి అన్నయ్య ఇంట్లో పాత ఆల్బమ్‌లో దొరికింది. ఐదేళ్ళప్పుడు బతుకమ్మ ముందు లంగా, పొట్టి జాకెట్టుతో నిలబడ్డాను. నలుపు తెలుపు ఫోటో. పొట్ట మధ్యలో అడ్డంగా చిన్న నీడ.

బీమా వర్తిస్తుందేమోనని పాలసీ కాగితాలు తీశాను. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి వర్తించదని ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికంగా పెట్టిన మినహాయింపుల్లో అది ఎక్స్‌సీఎల్ 08. రూపం మార్చుకోవడానికి చేసే చికిత్సకు డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికీ, వైద్యపరంగా తప్పనిసరి అయినదానికీ సడలింపు ఉంది. నాది అందులోకి రాదని తెలిసింది, చిట్టీ పాడి డబ్బు సర్దుకున్నాం. కానీ "కాలిన గాయాలు" అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. అప్పుడు ఒక పిల్ల గుర్తొచ్చింది. నిజానికి ఈ వ్యాసం ఆ పిల్లతోనే మొదలుపెట్టాల్సింది.

పదేళ్ళ కిందటి మాట. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి. చిన్నప్పుడు మరిగే గంజి మీద పడి మెడ నుంచి ఛాతీ దాకా కాలింది. చర్మం ముడుచుకుపోయి మెడ ఎడమవైపుకు పూర్తిగా తిరిగేది కాదు. మండుటెండలో కూడా కాలరు గుండీ పెట్టుకుని, చున్నీ పిన్ను చేసుకుని వచ్చేది. చర్మం పాఠం అయిపోయిన రోజు, అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "టీచర్, ప్లాస్టిక్ సర్జరీ చేస్తే ఇది పోతదా?"

నేను బయాలజీ టీచర్ని. ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉందని నాకు తెలుసు. ఆ పిల్ల అడిగింది ఒక శాస్త్ర ప్రశ్న. నేను దానికి జవాబు చెప్పలేదు. ఆమె భుజం మీద చేయి వేసి, అందం మనసులో ఉంటుందన్నాను. పైపైన చూసేవాళ్ళను లెక్కచేయొద్దన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు తరగతిలో, ఆమె పేరు చెప్పకుండా, రూపం ముఖ్యం కాదు, చదువు ముఖ్యం అని పావుగంట మాట్లాడాను. పిల్లలందరూ ఎవరి వైపు చూశారో నాకు కనిపించింది. చప్పట్లు కొట్టారు. ఆ రోజు మంచి పాఠం చెప్పానన్న తృప్తితో ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ నన్ను ఏమీ అడగలేదు.

ఎందుకలా చేశానా అని ఇప్పుడు వెతుక్కుంటున్నాను. అప్పటికే నా చీర కింద నిమ్మకాయంత ఉబ్బు ఉంది. అది ముఖ్యం కాదని నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను. ఆ పిల్ల ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తే నాకూ చెప్పుకోవాల్సి వచ్చేది. ఒంటి గురించి బెంగ పడటం చిన్నతనమని నేను నిజంగా నమ్మానో లేదో తెలియదు. నమ్మినట్టు ఉండటం వల్ల నాకు మర్యాద దక్కింది. బావగారి మెచ్చుకోలు, తరగతి చప్పట్లు, స్టాఫ్ రూములో మంచి పేరు. అమ్మకు ఆ మర్యాద కూడా దక్కలేదు, ఆమె ఒట్టిగా ఓర్చుకుంది. ఆమె తన ఒంటితో సరిపెట్టుకున్న మాటను నేను ఇంకొకరి బిడ్డ మీద రుద్దాను.

గత దసరా సెలవుల్లో నాకు ఆపరేషన్ అయింది. ముందు డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, నడుము ఎముకల పై అంచులు తడిమి, ఎత్తు చూసుకుని, పొట్ట మధ్యలో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టింది. తర్వాత నన్ను కూర్చోమంది, మళ్ళీ నిలబడమంది. "చీర కట్టుకునేటప్పుడు మీ చేయి ఎక్కడికి పోతుందో చూపించండి" అంది. కళ్ళు మూసుకుని కుచ్చిళ్ళు పట్టినట్టు చేయి తెచ్చాను. వేలు చుక్కకు కాస్త కిందికి ఆనింది. ఆమె మొదటి చుక్క తుడిచి నా వేలు ఆగిన చోట పెట్టింది.

అంతా గంట పని. ఆ చోటు వరకే మత్తు ఇచ్చారు, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గుంట పూడుకోకుండా మందు రాసిన గాజు గుడ్డను చిన్న ఉండలా చుట్టి అందులో ఉంచారు. వారాల తరబడి రోజూ రాత్రి దాన్ని మార్చుకున్నాను. మొదటి పది రోజులు చేతులు వణికేవి, మా అమ్మాయి మార్చేది. తన ముందు కొంగు తీయడానికి మొదటి రోజు సిగ్గుపడ్డాను. "అమ్మా, నేను ఇక్కడి నుంచే కదా వచ్చిన" అంది. తనని ఆపరేషన్ చేసి తీశారు, నిజానికి కాస్త కిందినుంచి వచ్చింది. ఆ లెక్క సరిచేయలేదు.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. ఉన్నది పాతది కాదు. లోతు తక్కువ, అంచున ఒక పక్క గట్టిగా తగులుతుంది, స్నానంలో ముట్టుకుంటే సగం స్పర్శ తెలియదు. అద్దంలో చూసుకుంటే కొన్ని రోజులు నాదనిపిస్తుంది, కొన్ని రోజులు ఎవరో గీసినట్టు ఉంటుంది. కుచ్చిళ్ళు మాత్రం నడిమధ్యనే ఉంటున్నాయి.

ఆ అమ్మాయి నంబరు పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దొరికింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోందట. ప్రొఫైల్ ఫోటోలో చున్నీ మెడ నిండా ఉంది. తనకు అది ఇప్పుడు సమస్యే కాకపోవచ్చు, నేను ఫోన్ చేసి మానిన పుండును గెలికినదాన్ని అవుతానేమో. లేదా అది భయానికి నేను పెట్టుకున్న ముసుగేమో. రెండూ అనిపిస్తున్నాయి. చెప్పాల్సిన జవాబు మాత్రం ఒక కాగితం మీద రాసుకున్నాను, మాట తడబడితే చూసి చదవడానికి. "పూర్తిగా పోదమ్మా. బిగుసుకున్న చోట కోసి వదులు చేసి, తొడ మీది నుంచి పలచని చర్మం తీసి అతికిస్తారు. మెడ తిరుగుతుంది. మచ్చ ఉంటుంది, కానీ తగ్గుతుంది. నువ్వు అడిగింది మంచి ప్రశ్న. ఆ రోజే చెప్పాల్సింది."

ఆ కాగితం రాసి మూడు వారాలైంది. ఇంకా నా పర్సులోనే ఉంది.